మాటకే వదిలేసిన దావా

చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది నీరజ. ఒక కొస తుంచి, ఈనె లాగి, రెండో కొస తుంచి మళ్ళీ లాగి, పురుగుందేమో విప్పి చూసి గిన్నెలో వేస్తోంది. ఇండియన్ స్టోర్‌వాడు అన్నీ ముదురుకాయలే అంటగట్టాడు. మామూలు శనివారమైతే అత్తగారు ఎదురుగా కూర్చుని, "ఇవి కాయలా, చెప్పుల వారలా?" అంటూ ఆ కొట్టువాడి వంశాన్నంతా తలుచుకునేది.

ఇవాళ విశాలాక్షి పొయ్యి వైపు తిరిగి నిలబడి ఉంది. గురువారం సాయంత్రం నుంచి ఈ ఇంట్లో అందరికీ ఆవిడ వీపే దర్శనమిస్తోంది.

"కిరీటీ, ఇడ్లీ చల్లారిపోతోందని మీ నాన్నకి చెప్పు."

ఆ నాన్న మూడడుగుల దూరంలో, బల్ల దగ్గరే కూర్చుని ఉన్నాడు.

"నాన్నా, ఇడ్లీ చల్లారిపోతోందిట," అన్నాడు నీరజ భర్త కిరీటి, ఫోన్‌లోంచి తలెత్తకుండా.

"విన్నాన్లేరా. కళ్ళు పోయాయి గాని చెవులింకా ఉన్నాయి. చట్నీ ఏదో మీ అమ్మని అడుగు."

"అమ్మా, చట్నీ..."

"ముందే ఉంది. చేతులు కూడా ఉన్నాయేమో చూసుకోమను."

దక్షిణామూర్తి చట్నీ వేసుకున్నాడు. ఎనభయ్యొక్కేళ్ళ మనిషి. టొరంటో పక్కన ఈ రిచ్‌మండ్ హిల్‌లో ముప్ఫయ్యేళ్ళపాటు ఊపిరితిత్తుల డాక్టరుగా పనిచేసి, మూర్తిగారి చెయ్యి పడితే చాలు అనిపించుకున్నవాడు. భార్య మౌనం ముందు మాత్రం జబ్బేమిటో అంతుపట్టని కుర్ర డాక్టరులా దిక్కులు చూస్తున్నాడు.

"జనార్దనరావు ఇంట్లో కోవా తిన్నాను. ఒప్పుకుంటున్నాను. రెండే రెండు బిళ్ళలు. దానికి మూడ్రోజుల శిక్ష ఏ చట్టంలో ఉందో కనుక్కోరా."

"రెండేనా నాన్నా? అంకుల్ నాలుగన్నారు."

"వాడొక సాక్షి!"

కిరీటి పకపకా నవ్వాడు.

నీరజ నవ్వలేదు. ఇది కోవా సంగతి కాదని ఆమెకు తెలుసు. గురువారం వీధి చివర మెయిల్‌బాక్స్ నుంచి ఉత్తరాలు తెచ్చింది విశాలాక్షే. ఫ్లయర్ల మధ్య నీలం కవరొకటి ఉంది. దాని మూల ఓక్‌విల్ అని రాసి ఉండటం మెట్ల మీదనుంచి నీరజ చూసింది. ఆ కవరు మళ్ళీ ఎవరికీ కనిపించలేదు. అప్పటినుంచి నీరజకు అన్నం సయించడం లేదు.

పదకొండింటికి దక్షిణామూర్తికి బార్బర్ అపాయింట్‌మెంట్ ఉంది. "పద నాన్నా, లేటయితే పార్కింగ్ దొరకదు," అంటూ కిరీటి తండ్రిని లేవదీశాడు. కాసేపటికి కారు వెనక్కి వెళ్ళిన చప్పుడు, గరాజ్ తలుపు దిగిన చప్పుడు వినిపించాయి.

విశాలాక్షి స్టవ్ ఆపేసింది. చీర చెంగుకు చేతులు తుడుచుకుని వచ్చి కోడలి ఎదురుగా కూర్చుంది. స్వెటర్ జేబులోంచి నీలం కవరు తీసి, చిక్కుడుకాయల్ని పక్కకి నెట్టి బల్ల మీద పెట్టింది.

"చదువు."

"అత్తయ్యా..."

"పైకి చదువు. తెలుగులో చదువు. నీకది అలవాటేగా."

నీరజ కాగితం విప్పింది. గుండ్రని అక్షరాలు, మామూలు ఇంగ్లీషు. ఇందులో అర్థం చెప్పడానికి ఎవరి సాయమూ అక్కర్లేదు. అందుకే ఆమెకు భయం వేసింది.

"'శ్రీమతి మూర్తి గారికి. మీ జాబు అందింది. సంతోషం. కాని మీరు పొరపాటు పడ్డారు, లేదా మీకెవరో పొరపాటుగా చెప్పారు. ఆ కోర్టు కాగితం స్థలం తగాదా గురించి కాదు. అది నా గురించి. మా అమ్మ జీన్ ఆ దావా వేసింది. డాక్టర్ మూర్తిగారు నా తండ్రి అని చెప్పడానికి వేసింది.'"

"ఆపకు."

"'మొదటి జాబులో ఈ మాట రాయలేదు. మీ ఇంట్లో కవరు ఎవరు తెరుస్తారో తెలియక. అమ్మ జనవరిలో పోయింది. పోయేముందు ఆ కాగితం నా చేతికిచ్చింది. ఆయన్ని ఎప్పుడూ ఒక్క మాటనలేదు. సాక్షులెందుకు, ఆయన అబద్ధమాడడు అనుకున్నాను అని మాత్రం అనేది.'"

నీరజ నీళ్ళు తాగుదామనుకుంది గాని గ్లాసు అందుకోవడానికి ధైర్యం చాలలేదు.

"'నాకు ఏమీ అక్కర్లేదు. ఒకసారి మనిషిని చూడాలనుకున్నాను, అంతే. ఇరవయ్యేళ్ళుగా మేము ఓక్‌విల్‌లోనే ఉన్నాం, ఆయన గంట దూరంలో ఉన్నారని తెలియకుండా. ఆదివారం పొద్దున ఈ ఇల్లు వదిలి వాంకూవర్‌లో మా అబ్బాయి దగ్గరికి వెళ్ళిపోతున్నాం. శనివారమంతా సామాను సర్దుకుంటూ ఇంట్లోనే ఉంటాను. ఎవరూ రాకపోతే మళ్ళీ రాయను. మోరాగ్.'"

"ఇవాళ శనివారం," అంది విశాలాక్షి.

నీరజ కాగితం మడిచింది. మడత సరిగ్గా రాలేదు. మళ్ళీ విప్పి మళ్ళీ మడిచింది.

విశాలాక్షి రెండో జేబులోంచి ఇంకో కాగితం తీసింది. డాక్టరుగారిని ఒకసారి చూడాలని మాత్రమే అడిగిన మొదటి జాబుతో పది రోజుల కిందట వచ్చిన కోర్టు పేజీ అది. అర పేజీ టైపు, కింద చుట్టలు చుట్టుకున్న సంతకం.

"ఆ రోజు ఇదే బల్ల, ఇదే కుర్చీ. ఇందులో మీ మామయ్య పేరుందేమిటే అని అడిగాను. నువ్వేం చెప్పావు?"

"మామయ్యగారు స్కాట్లాండులో చదువుకునేటప్పుడు, ఆయన అద్దెకున్న ఇల్లుగలావిడకీ పక్కవాళ్ళకీ స్థలం తగాదా అని..."

"ఆయన సాక్ష్యం చెప్పారని. కోర్టు కొట్టేసిందని. అంతేగా?"

"అంతే అత్తయ్యా."

"ఎంత చక్కగా చెప్పావే! ఎక్కడా తడబడలేదు."

చెప్పగలదు మరి. ఆమె పనే అది. టొరంటోలో ఓ చిన్న ఆఫీసు. రెండొందలేళ్ళ కిందట స్కాట్లాండు నుంచి వచ్చినవాళ్ళ మునిమనవలు తాతల కాగితాలు పట్టుకుని వస్తారు. వీలునామాలు, చర్చి పుస్తకాలు, భూముల దస్తావేజులు. ఆ మాటలు పుట్టుకతో ఇంగ్లీషు వచ్చినవాళ్ళకీ అర్థం కావు. విధవరాలిని 'రిలిక్ట్' అని రాస్తారు, మిగిలిపోయినది అని. పొలం అమ్మితే గుప్పెడు మట్టీ ఓ రాయీ కొన్నవాడి చేతిలో పెట్టారని రాస్తారు, దానికో పేరుంటుంది. నీరజ ఒక్కొక్క మాటా విప్పి, పక్కన మామూలు ఇంగ్లీషులో రాసిపెడుతుంది. ఊరి బళ్ళో తెలుగు మాస్టారు శ్రీరాములుగారు చెప్పిన సూత్రమే అక్కడా పాటిస్తుంది. తెలియకపోతే తెలియలేదని రాయండి, తెలిసినదాన్ని మార్చకండి, అనేవాడాయన.

అయిదేళ్ళలో ఒక్క మాట మార్చలేదు. ఇంట్లో మార్చింది.

"ఇప్పుడు చెప్పు. ఒక్కొక్క మాటా. ఇదేమిటి?" విశాలాక్షి వేలు కాగితం మీద ఆనింది.

"పర్స్యూయర్. దావా వేసినావిడ."

"ఇది?"

"డిఫెండర్. దావా ఎవరి మీద వేశారో ఆయన."

"ఆవిడ తరఫున నిలబడ్డ పెద్దమనిషన్నావు నాతో."

నీరజ తల దించుకుంది.

"తల తర్వాత దించుకుందువుగాని. ఇక్కడ ఇంత పొడుగు రాశారు, ఇదేమిటి?"

"దావా మొత్తాన్ని ఆయన ప్రమాణానికి వదిలేస్తున్నాను అని. అక్కడ అప్పట్లో ఒక్కరి మాట చాలదత్తయ్యా, రెండో సాక్ష్యం ఉండాలి. ఆవిడకి లేదు. అలాంటప్పుడు అవతలి మనిషినే ప్రమాణం చేసి చెప్పమనొచ్చు. ఆయన ఏం చెబితే అదే తీర్పు. తర్వాత అది అబద్ధమని వాదించడానికి లేదు."

"అదేం న్యాయమే? చేసినవాణ్ణే అడిగి తీర్పు చెప్పడమా?"

"మా ఊళ్ళో కర్పూరం ఆర్పిస్తారు చూడండి. అలాంటిది."

విశాలాక్షి వేలు కాగితం మీద ఆగిపోయింది.

ఆవిడది తెనాలి వైపు. ఇంకేమీ చెప్పనక్కర్లేదు. సాక్ష్యం లేని తగాదా వస్తే, నిందపడ్డ మనిషి తలస్నానం చేసి తడిబట్టలతో గుడిముందుకు వస్తాడు. పళ్ళెంలో కర్పూరం వెలుగుతూ ఉంటుంది. అరచెయ్యి దాని మీద పెట్టి ఆర్పి, నేనెరగను అంటే అయిపోయినట్టే. అడిగినవాళ్ళు మళ్ళీ నోరెత్తకూడదు. చిన్నప్పుడు నీరజ ఒకసారి చూసింది. ఆర్పినవాడు ఇంటికి వెళ్ళిపోయాడు. అడిగిన ముసలామె మాత్రం పళ్ళెం ఎదుటే చాలాసేపు కూర్చుండిపోయింది.

"ఆర్పారా?" అంది విశాలాక్షి.

"ఆర్పారు."

"చూపించు. ఎక్కడుంది?"

"ఇదిగో. డిపోన్స్ నెగటివ్. కాదని ప్రమాణపూర్వకంగా చెప్పెను, అని. కింద ఈ మాటకి అర్థం, దావా నుంచి ఆయన్ని విడిచిపెట్టడమైనది, అని."

"తేదీ?"

"ఏప్రిల్ ఇరవై రెండు. డెబ్బై ఒకటి."

"మే పంతొమ్మిది మా పెళ్ళి." విశాలాక్షి గొంతులో ఏడుపు లేదు. పంచాంగం చూసి చెబుతున్నట్టు చెప్పింది. "ఇరవయ్యేడు రోజులు. అక్కడ ఆ చెయ్యెత్తి ప్రమాణం చేసి, విమానమెక్కి ఇండియా వచ్చి నా చెయ్యి పట్టుకున్నారన్నమాట."

ఆవిడ చిక్కుడుకాయ ఒకటి తీసి, తుంచకుండానే మళ్ళీ పెట్టేసింది.

"కిరీటికి ఏడేళ్ళప్పుడు, హోంవర్క్ చేశాను నాన్నా, ఒట్టు, అన్నాడు. చెంప పగిలేలా కొట్టారు. పిల్లాడి మీద ఎప్పుడూ చెయ్యెత్తని మనిషి. ఈ ఇంట్లో ఒట్టన్న మాట వినపడకూడదన్నారు. ఆహా, ఎంత నిష్ఠ అనుకున్నానే నేను. అందరికీ గొప్పగా చెప్పుకున్నాను."

"అత్తయ్యా, నన్ను క్షమించండి."

"ఉండు. నీ సంగతికి వస్తున్నాను. ఆయన అబద్ధం ఆయనది. నా చేత ఎందుకు రాయించావు?"

ఆ జాబు నీరజకు అక్షరం అక్షరం గుర్తుంది.

స్థలం తగాదా అని వినగానే విశాలాక్షి తేలిగ్గా ఊపిరి పీల్చుకుని, లెటర్‌ప్యాడ్ తెచ్చుకుని, కళ్ళజోడు పెట్టుకుని జవాబు రాసింది. మా కోడలు ఇటువంటి కాగితాలు చదవడంలో నిపుణురాలు, ఇది మా వారికి సంబంధించిన విషయం కాదని చెప్పింది, వారు పెద్దవారు, దయచేసి మళ్ళీ రాసి శ్రమపెట్టవద్దు. ఇంగ్లీషు తప్పులు దిద్దమని నీరజకే ఇచ్చింది. నీరజ రెండు కామాలు సరిచేసింది.

మర్నాడు ఆఫీసుకు వెళుతూ ఎర్ర పోస్టు డబ్బా ముందు ఆగింది. కవరు చేతిలో పట్టుకుని వెనకాల ఇద్దరు మనుషులు దాటిపోయేదాకా నిలబడింది. తర్వాత వేసేసింది.

"అమ్మ పోయిన పిల్ల. యాభై నాలుగేళ్ళు వచ్చాక ఒక్కసారి చూస్తానని అడిగింది. నా దస్తూరీతో పొమ్మనిపించావు."

"మీ మనసు కష్టపడుతుందని..."

"నా మనసా? యాభై నాలుగేళ్ళు కాపురం చేసినదాన్ని, నా మనసుకి ఏమవుతుందో నేను చూసుకోలేనా? నువ్వెవరే నా కళ్ళకి ముందే గంతలు కట్టడానికి?"

మనసు కష్టపడుతుందన్న మాట అబద్ధం కాదు. కాని పూర్తి నిజమూ కాదు. ఆ రోజు ఈ బల్ల దగ్గర అందరూ తన నోటి వైపే చూశారు. పెళ్ళయి ఎనిమిదేళ్ళయినా ఈ ఇంట్లో అంత శ్రద్ధగా ఎవరూ తన మాట వినలేదు. ఆ కాగితంలో మాటలు తనకొక్కదానికే తెలుసు. తను ఏది చెబితే అదే అర్థం. ఆ క్షణంలో అబద్ధం చెప్పడం చాలా సులువుగా, చివరికి కొంచెం హాయిగా కూడా అనిపించింది. ఈ సంగతి అత్తగారికి ఎలా చెప్పడం?

"ఒకటడుగుతాను," అంది విశాలాక్షి. గొంతు తగ్గింది. "నువ్వు నాకు తప్పు చెప్పావని ఆయనకి తెలుసా?"

ఈ ప్రశ్న రాకూడదనే నీరజ మూడ్రోజులుగా దేవుణ్ణి వేడుకుంది.

ఆ అబద్ధం చెప్పిన సాయంత్రం మామగారు నీళ్ళకోసం వంటింట్లోకి వచ్చాడు. గ్లాసు కడిగి బోర్లించి, "బాగా చదివావమ్మా," అన్నాడు. ఇంకేమీ అనలేదు. మర్నాడు తన పాత భూతద్దం తెచ్చి, "నా కళ్ళకి ఇక దీంతో పని లేదు. నీ పనికి వస్తుంది, ఉంచు," అని చేతిలో పెట్టాడు. ఆమె తీసుకుంది. థాంక్సండీ అని కూడా అంది.

"నీరజా, నిన్నే."

గరాజ్ తలుపు పైకి లేచిన చప్పుడయింది.

*

"చూడమ్మా, బార్బర్ నాన్నకి పదేళ్ళు తగ్గించేశాడు!" అంటూ కిరీటి లోపలికి వచ్చాడు. వెనకాల దక్షిణామూర్తి మఫ్లర్ విప్పుకుంటూ వచ్చి, బల్ల మీద పరిచి ఉన్న కాగితాల్ని చూశాడు. మఫ్లర్ సగంలో ఆగిపోయింది.

"కూర్చోండి," అంది విశాలాక్షి.

"హమ్మయ్య, నోరు విప్పావు. రెండు కోవాబిళ్ళలకి ఇంత..."

"కోవా ఊసెత్తితే ఆ గిన్నె మీ నెత్తిన బోర్లిస్తాను. కూర్చోండి."

ఆయన కూర్చున్నాడు. కోటు విప్పలేదు.

కిరీటి నీలం కవరులోని కాగితం అందుకుని గబగబా చదివాడు. చదివి నవ్వాడు.

"అమ్మా, ఇది స్కామ్. ఎగ్జాక్ట్‌గా ఇలాగే స్టార్ట్ చేస్తారు. ఓల్డ్ పీపుల్‌ని టార్గెట్ చేసి, ముందు ఎమోషనల్‌గా రాస్తారు. మా బ్యాంక్‌లో రోజుకి పది చూస్తాను. ఇచ్చెయ్, రిపోర్ట్ చేస్తా."

"స్కామో ఏమో ఆయన్ని చెప్పనీరా."

"నాన్నేం చెప్తాడు? ఎవరో మోరాగ్ అట! నాన్నా, నువ్వు వెళ్ళి రెస్ట్ తీసుకో."

దక్షిణామూర్తి కోర్టు పేజీని దగ్గరికి లాక్కున్నాడు. ఆయనకు ఆ చిన్న టైపు కనపడదని అందరికీ తెలుసు. అయినా చదువుతున్నట్టు చాలాసేపు చూశాడు.

"ఇదా? ఇది నీరజ చదివి చెప్పిందిగా మొన్న. ఏదో స్థలం తగాదా. ఆ కాలం భాష మనకేం తెలుస్తుంది విశాలా? తెలిసినమ్మాయి చెప్పింది."

అని తల తిప్పి కోడలి వైపు చూశాడు.

ఆ చూపులో దబాయింపు లేదు. ఉంటే బాగుండేది. అప్పు అడిగేవాడిలా, ఇంకొక్కసారి, ఇంకొక్కసారికి మాత్రమే అన్నట్టు చూశాడు. ఆమె ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఇంగ్లీషు సరిగా రాదని చుట్టాలు నవ్వినప్పుడు, "మా కోడలు చదివే కాగితాలు మీ తాతలు కూడా చదవలేరు," అని నలుగురిలో గట్టిగా అన్న మనిషి ఈయన.

"నేను తప్పు చెప్పాను మామయ్యగారూ."

"పొరపాటు పడ్డావా?" అన్నాడు కిరీటి వెంటనే. "ఇట్స్ ఓకే. ఎవరైనా పడతారు. పాత టర్మ్స్ కదా."

భర్త తెరిచిపెట్టిన దారి చాలా వెడల్పుగా ఉంది. అందులోంచి వెళ్ళిపోవచ్చు.

"పొరపాటు కాదండీ. తెలిసే తప్పు చెప్పాను." ఊపిరి పీల్చుకుంది. "నేను తప్పు చెప్పానని మామయ్యగారికీ తెలుసు."

"నీరజా!" కిరీటి కుర్చీ వెనక్కి తోసి లేచాడు. "పిచ్చా నీకు? ఎవరి గురించి ఏం మాట్లాడుతున్నావు? ఆఫీసు పని ఆఫీసులో పెట్టుకో. ఎవడి తాత ఎవడో వెతుక్కునే పిచ్చాళ్ళ కోసం చదివే చదువులు మా నాన్న మీద రుద్దకు!"

"అరవకురా," అంది విశాలాక్షి. "ఆ పిల్ల ఇప్పటికైనా చెప్పింది. నువ్వు కూర్చో."

"అమ్మా, నువ్వు కూడా..."

"కూర్చో అన్నాను."

కిరీటి కూర్చోలేదు. కాని ఇంకేమీ అనలేదు.

విశాలాక్షి రెండు కాగితాలనూ ఒకదాని మీద ఒకటి పెట్టి, బోర్లించి, వాటి మీద అరచెయ్యి ఆనించింది. కవరు మాత్రం పక్కన పడి ఉంది.

"ఏమండీ. నేను సాక్షుల్ని తీసుకురాను. కాగితాలు చూపించను. రక్తపరీక్షలు చేయించమనను. ఆవిడ ఎలా అడిగిందో నేనూ అలాగే అడుగుతున్నాను. మీ మాటకే వదిలేస్తున్నాను. కాదని చెప్పండి, ఇప్పుడే వీటిని చింపి పొయ్యిలో పెడతాను. చచ్చేదాకా మళ్ళీ ఆ పేరెత్తను. ఆ పిల్ల రేపు వాంకూవర్ వెళ్ళిపోతుంది. మనమూ హాయిగా ఉందాం. చెప్పండి, అవునా, కాదా?"

"విశాలా..."

"అవునా, కాదా?"

దక్షిణామూర్తి పెదవులు కదిలాయి. కొత్తగా కత్తిరించిన జుట్టు కింద మెడ సన్నగా, కోడిపిల్ల మెడలా కనిపిస్తోంది. కాలరు మీద రెండు తెల్లవెంట్రుకలు అంటుకుని ఉన్నాయి.

కాదంటారని నీరజకు అనిపించింది. ఒక్క మాట. యాభై నాలుగేళ్ళ కిందట నోటికి వచ్చిన మాటే. మళ్ళీ రాకుండా ఎలా ఉంటుంది?

కిటికీ బయట ఎవరో మంచు తోడుతున్నారు. పార సిమెంటును గీరిన చప్పుడు వచ్చింది, ఆగింది, మళ్ళీ వచ్చింది.

ఆయన మాట్లాడలేదు.

విశాలాక్షి ఆయన ముఖం మీదనుంచి చూపు తిప్పకుండానే అడిగింది. "నీరజా. ఇలా అడిగినప్పుడు మనిషి నోరు విప్పకపోతే, మీ కాగితాల్లో ఏమని రాస్తారు?"

నీరజకు తెలుసు. తెలియదని చెప్పాలని ప్రాణం కొట్టుకుంది. ఎవరూ సరిచూడరు. ఈ ఇంట్లో ఆ మాటలు తెలిసింది ఇప్పటికీ తనొక్కతే.

"చెప్పవే."

"ఒప్పుకున్నట్టు రాస్తారత్తయ్యా."

ఆ మాట అంటుంటే తన గొంతు తనకే ఎవరిదోలా వినిపించింది. ఒకసారి అబద్ధం చెప్పి ఒకామెను గుమ్మంలోంచి పంపేసింది. ఇప్పుడు నిజం చెప్పి ఈ ముసలాయన్ను గోడకు ఆనించేసింది. రెండూ ఒకే నోరు.

దక్షిణామూర్తి కోడలి వైపు చూశాడు. కోపం లేదు. ఆ చూపులో ఏముందో నీరజ చదవలేకపోయింది.

ఆయన బల్ల పట్టుకుని లేచాడు. పక్కన పడి ఉన్న నీలం కవరు తీసుకున్నాడు. దాని మూల ఉన్న అడ్రసును కంటికి ఆనించుకునేంత దగ్గరగా పెట్టుకుని చూసి, కోటు జేబులో పెట్టుకున్నాడు. ముందు గదిలోకి నడిచాడు.

"నాన్నా, ఎక్కడికి? కవరెందుకు? నాన్నా!" కిరీటి వెంట వెళ్ళాడు. "ఆగు, నేను డ్రైవ్ చేస్తా. ఎక్కడికో చెప్పు."

ఆయన స్టూలు మీద కూర్చుని బూటు అందుకున్నాడు. చలికాలం వచ్చిందంటే ఆయన నడుం వంగదు. రోజూ నీరజే కింద కూర్చుని రెండు బూట్లకూ జిప్పు పైకి లాగుతుంది. ఆయన ఆమె తల మీద చెయ్యి పెట్టి, "చాలమ్మా, చాలు," అంటూ ఉంటాడు.

నీరజ ఒక అడుగు ముందుకు వేసింది. ఆగిపోయింది. ఈ జిప్పు లాగితే ఆయన్ని ఎక్కడికి పంపుతున్నట్టు? ఓక్‌విల్‌కా, ఇంట్లోంచి బయటికా?

ఆయన కాలు ముందుకు చాపలేదు. ఎవరి కోసమూ చూడలేదు. ఒక చేత్తో గోడ పట్టుకుని, మూలుగుతూ వంగి, మొదటి జిప్పు తనే లాక్కున్నాడు. రెండోది మధ్యలో ఇరుక్కుంది. రెండుసార్లు లాగాడు. వదిలేశాడు. ముగ్గురూ ఎక్కడివాళ్ళక్కడే ఉండి చూస్తున్నారు.

విశాలాక్షి అరచెయ్యి బల్ల మీద కాగితాల మీదే ఉంది.

దక్షిణామూర్తి తలుపు తీశాడు. చల్లగాలి వచ్చి చిక్కుడుకాయల ఈనెల్ని నేల మీదికి ఈడ్చింది. ఆయన వెనక్కి తిరగలేదు. తలుపు మూసుకుంది.

నీరజ కిటికీ దగ్గరికి పరిగెత్తింది. ఒక బూటు నోరు తెరుచుకుని ఉండగా, ఆయన గోడ పట్టుకుని మెట్లు దిగాడు. డ్రైవ్‌వే మీద ఒక్కొక్క అడుగే వేసుకుంటూ చివరిదాకా నడిచాడు. అక్కడినుంచి కుడివైపు వెళితే బస్‌స్టాప్. ఎడమవైపు ఆయన రోజూ తిరిగే పార్కు.

ఆయన అక్కడ ఆగాడు. జేబులో చెయ్యి పెట్టుకుని, ఎటూ తిరగకుండా, నిలబడిపోయాడు.